నీళ్లడిగే దెయ్యం

మా తెలుగు సారు జగన్నాధం గారు మాకు పాఠంగా పెట్టిన నవలలోని దెయ్యాన్ని ఒక్క ముక్కలో తేల్చేశారు. సముద్రంలో పోయిన మొగుడు రోజూ దీపాల వేళ గుమ్మంలో నిలబడి నీళ్లడుగుతాడు కదా, అది దెయ్యం కాదట, నాయిక మనసులోని ఒంటరితనమట. శ్రీకాకుళంలో దూరవిద్య వాళ్లు పెట్టే ఆదివారం క్లాసులో ఆ మాట విని నాకు ప్రాణం లేచొచ్చింది. దెయ్యం లేకపోతే చావూ లేనట్టే అనిపించింది. పిచ్చి లెక్కే, కానీ నాకు కావాల్సిన లెక్క.

హుద్‌హుద్ తుఫానుకు ముందు వేటకెళ్లిన మా ఆయన తిరిగి రాలేదు. పడవ చెక్కలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, మనిషి రాలేదు. దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తే ఆత్మకు దారి దొరుకుతుందని ఊరి పెద్దలన్నారు. శవాన్ని చూడకుండా బొట్టు తీసేది లేదని నేను కుండబద్దలు కొట్టాను. ఏడాది కావస్తున్నా మా అత్త కూర్మమ్మ నన్ను ఒక్క మాట అనలేదు.

పరీక్ష కోసం నేను నవలను పైకి చదువుతుంటే అత్త ఎండుచేపలు ఏరుతూ వినేది. సారు చెప్పిన అర్థం ఆమెకూ చెప్పాను. చేపల మీద ఆమె చెయ్యి ఆగిపోయింది.

“మనసయితే నీళ్లెందుకు అడుగుతాదే? ఆడికి కర్మ సెయ్యనేదు. ఉప్పునీళ్లు తాగి పోనోడికి దాహం. ఆ కతలో గుంట, ఆడి పెళ్లాం, తలుపేసీసి కూకుంటే ఎలాగ?”

“ఇది కట్టుకథ అత్తా! ఎవుడో కూకోని రాసినాడు,” అని కసిరాను. ఆ తర్వాత చివరి అధ్యాయం జోలికి పోలేదు.

ఒక సాయంత్రం ఆమే అడిగింది. “సివరికి ఏటయినాది? సదువు.”

చదివాను. నాయిక చెంబుతో నీళ్లు తెచ్చి గుమ్మంలో పెడుతుంది. అతను తాగి మెట్టు దిగి సముద్రం వైపు వెళ్లిపోతాడు. మళ్లీ రాడు.

“ఎల్లిపోనాడా... ఓలమ్మ, ఎల్లిపోనాడా!” అంటూ అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కథకి ఇంత ఏడుపేమిటని విసుక్కోబోయాను. ఆమె మా గుమ్మం వైపు చూస్తోంది.

“మనోడూ వస్తన్నాడే. దీపమెట్టే యేలకి అక్కడ నిలబడతాడు. నువ్వు బయపడిపోతావని సెప్పనేదు.”

నేనూ గుమ్మం వైపు తిరిగాను. “నీళ్లడుగుతన్నాడా?”

“నీళ్లు కాదే. ‘అమ్మా, నాను సచ్చిపోనానా?’ అని అడుగుతన్నాడు. మనం ఏడవనేదు, పిండం ఎట్టనేదు. ఆడికెలాగ తెలుస్తాది? ఏటి సెప్పమంటావు నన్ను?”

ఆ ప్రశ్నను ఆమె ఒక్కతే వింటూ వచ్చిందన్నమాట. ఆమె మీద జాలేసింది. చచ్చిపోయిన సంగతి కూడా తెలియకుండా తిరుగుతున్న మనిషి మీద ఇంకా జాలేసింది.

“నువ్వు సెప్పీ అత్తా.”

“కన్నదాన్ని. నా నోట ఆ మాట రాదే.”

పుస్తకం పక్కన పెట్టి గుమ్మం దగ్గరికి వెళ్లాను. నాకు ఎవరూ కనిపించలేదు. సముద్రం హోరు మాత్రం వినిపిస్తోంది. మా వాళ్లలో ఆడది మొగుణ్ని పేరు పెట్టి పిలవదు, పిలిస్తే ఆయుష్షు తగ్గుతుందంటారు. పెళ్లయ్యాక నేనూ ఏనాడూ పిలవలేదు.

“గంగులూ,” అన్నాను. “నువ్వు సచ్చిపోనావయ్యా.”