కోట కొండ చుట్టూ

చంద్రగిరిలో మనిషి పరిగెత్తాడంటే బస్సన్నా తప్పిపోతుండాలి, ఇల్లన్నా అంటుకుని ఉండాలి. ఊరికే పరిగెత్తే మనుషులుంటారని 1978 దాకా అక్కడ ఎవరూ వినలేదు. ఆ ఏడే నేను అక్కడి ఆడపిల్లల హైస్కూలుకు డ్రిల్లు టీచరుగా వచ్చాను. పేరు పంకజాక్షి. నోరు పెద్దదని మా అమ్మ, ఓపిక తక్కువని మా హెడ్మిస్ట్రెస్ అనేవాళ్ళు. ఇద్దరూ నిజమే చెప్పారు.

స్కూలుకు ఆటస్థలం లేదు. ఉన్న కాస్త జాగాలో వేపచెట్టు, బోరింగు, పాత బెంచీల గుట్ట. ఖోఖో ఆడితే ఒకరి కాలు ఒకరు తొక్కుకునేవాళ్ళు. అడిగి అడిగి నోరు నొప్పి పుట్టి, ఒక ఆదివారం ఊరి చుట్టూ తిరిగి పిల్లలకు పరుగు దారి నేనే వెతికాను.

ఎంత బాగుండేదో ఆ దారి! స్కూలు వెనక సందు దాటితే చెరుకు తోటలు, వాటి పక్కనే బెల్లం వండే గానుగ. ఆ తర్వాత స్వర్ణముఖి. ఏట్లో నీళ్ళు ఒక వారగా సన్నగా పారుతుంటే మిగతాదంతా ఇసకే. ఆడవాళ్ళు ఆ ఇసకలో చెలమలు తవ్వి బిందెలు నింపుకుంటూ ఉండేవాళ్ళు. ఏరు దాటి మామిడి తోపు నీడల్లో పోతే కోట కొండ వస్తుంది. పొద్దుటి ఎండకు దాని బండలు ఎర్రబడేవి. ఆ బండల పక్కనుంచి తిరిగి కోటలో రాజమహల్ ముందుకు వస్తే పరుగు అయిపోయినట్టు. ఒంటరిగా పరిగెత్తి చూసుకున్న రోజు నాకే చిన్నపిల్లనైపోయినట్టు అనిపించింది.

పిల్లల్లో వేదవల్లి ఒకతి. తొమ్మిదో తరగతి. గుడి కొలువులో ఉన్న యతిరాజులుగారి కూతురు. ఆ పిల్ల పరిగెత్తుతుంటే ఇసకలో కూడా కాలు దిగేది కాదు. జిల్లా పందెంలో మొదట వచ్చినవాళ్ళను హైదరాబాదులో రాష్ట్ర పోటీలకు పంపుతారని చెప్పిన రోజునుంచి దానికి అదే ధ్యాస.

"టీచరమ్మా, నేను రైలెక్కి హైదరాబాదు పోవాల. ఆడ పరిగెత్తాల" అనేది రోజూ.

అయితే మొదటిరోజే కొంప మునిగింది. పిల్లలంతా ఒక్కసారిగా పరిగెత్తుకుంటూ వచ్చేసరికి, గానుగ దగ్గర పాకం కలుపుతున్న కుప్పయ్య గరిటె పారేసి, బకెట్టు అందుకుని వాళ్ళ వెంట పడ్డాడు.

"యాడమ్మా నిప్పంటుకునింది? ఎవురి గడ్డివామి?"

"ఏ వామీ కాదు కుప్పయ్యా. ఊరికే పరిగెత్తుతున్నాం" అన్నాను.

"ఊరికేనా! ఊరికే పరిగెత్తేదేంది తల్లీ?" అని నోరు తెరిచాడు. వెనక్కి పోయేసరికి పాకం మాడిపోయి ఉంది. ఆ కబురు ఊరంతా పాకింది.

సాయంత్రం యతిరాజులుగారు స్కూలుకు వచ్చారు. నుదుట తిరునామం, నడకలో నిదానం, మాటలో మర్యాద.

"టీచరమ్మా, మా ఇండ్లల్లో ఆడబిడ్డలు వీధుల్లో పరిగెత్తేది లేదు. కనపడినోళ్ళంతా నన్నే అడగతా ఉండారు. చదువు చెప్పండి, చాలు."

ఆయన వెనక నిలబడ్డ వేదవల్లి ముఖం చూస్తే నాకు కడుపు మండిపోయింది. 

మర్నాడు రోడ్డు మీద కొండకు పోయే భక్తుల గుంపు ఎదురైంది. అరవదేశం వాళ్ళు. పసుపు గుడ్డలు కట్టుకుని, "గోవిందా, గోవిందా" అంటూ నడిచేవాళ్ళు నడుస్తున్నారు, పరిగెత్తేవాళ్ళు పరిగెత్తుతున్నారు. కుప్పయ్య పక్కకు తప్పుకుని చేతులు జోడించాడు. ఎందుకు పరిగెత్తుతున్నారని ఒక్కరైనా అడిగితే ఒట్టు. నేను తిన్నగా యతిరాజులుగారింటికి పోయాను.

"సామీ, పిల్లలు గోవింద నామం చెప్పుకుంటూ పోతే మీకేమన్నా అభ్యంతరమా?"

"దానికి అడ్డం చెప్పేదానికి నేనెవర్ని టీచరమ్మా?"

"నడిచే పోవాలా, పరిగెత్తినా పర్వాలేదా?"

ఆయన నన్ను తేరిపార చూశారు. నా ఎత్తు తెలియనంత అమాయకుడేం కాదు. "సామిని తలుచుకునేదానికి ఎట్ల పోతే ఏముండాది" అని లోపలికి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు నవ్వాపుకున్నారని నా అనుమానం.

ఓణీలు పసుపు నీళ్ళలో ముంచాం. గోవింద నామం కొండ బండలకు తగిలి తిరిగొచ్చేట్టు పిల్లలు పరుగు తీశారు. ఊరు దారి ఇచ్చింది. ఇచ్చి ఊరుకుంటే బాగుండేది. మొక్కుకున్న బిడ్డలని అందరికీ భక్తి పుట్టుకొచ్చింది. కుప్పయ్య పానకం చెంబుతో నిలబడేవాడు. మామిడి తోపు కాపలా ఉండే నాగులమ్మ హారతి పళ్ళెంతో ఎదురొచ్చేది. హారతి ఎదురైతే కళ్ళకద్దుకోకుండా పోవడం ఆ ఊరి పిల్లలకు చేతకాదు. కొరివితో తల గోక్కున్నట్టయింది నా పని.

"ఆగకండే!" అని అరిచేదాన్ని.

"హారతి టీచరమ్మా! ఎట్ల దాటుకోని పోయేది?" అనేది వేదవల్లి, నాకే ఏమీ తెలియనట్టు.

ఇంతలో జిల్లావాళ్ళు వచ్చి మా దారి చూసి ముచ్చటపడి, పందెం మా ఊళ్ళోనే పెట్టారు. ముందురోజు నేను ఇల్లిల్లూ తిరిగాను. హారతులొద్దు, పానకాలొద్దు, పిల్లల్ని ఆపొద్దు అని బతిమాలాను. "అట్లే తల్లీ" అన్నారు అందరూ. విన్నామని చెప్పడమే తప్ప మానుకుంటామని ఒక్కరూ అనలేదని నాకు తర్వాతగాని తట్టలేదు.

పందెం నాడు పిల్లలకు తెల్ల చొక్కాలు, వీపున నంబర్లు. పసుపు లేదు, నామం లేదు. నేను తోపు చివర నిలబడ్డాను. ముందుగా చెట్ల మధ్యనుంచి బయటపడింది మా వేదవల్లే! దాని వెనకాలే మదనపల్లె పిల్ల, పొడుగు కాళ్ళది. అదే సమయానికి నాగులమ్మ పళ్ళెంతో దారికి అడ్డంగా వచ్చేసింది.

"ఈ పొద్దు హారతి ఇయ్యకపోతే ఎట్లమ్మా? పెద్ద మొక్కుబడి కదా ఇది!"

వేదవల్లి ఆగింది. హారతి కళ్ళకద్దుకుంది. మదనపల్లె పిల్ల పక్కనుంచి రివ్వున పోయింది.

అదొక్కటే అయితే సరిపెట్టుకుందును. కొండ మలుపులో యతిరాజులుగారు తీర్థం చెంబుతో నిలబడి ఉన్నారు, ఊరిపెద్దలు రమ్మన్నారట. ఒగరుస్తూ వచ్చిన కూతురు తండ్రి ముందు ఆగి, కుడిచెయ్యి చాచి పట్టింది. నేను తోపు దగ్గరనుంచి కేకలు పెడుతూ పరిగెత్తాను.

ఆయన ఉద్ధరిణి ఎత్తారు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. ముందు పోతున్న పిల్ల వీపు చూశారు. వణుకుతున్న కూతురి కాళ్ళు చూశారు. ఉద్ధరిణి చెంబులో ఠంగుమని పారేశారు.

"తీర్థం యాడికీ పోదు! ఆ బిడ్డ పోతా ఉండాది చూడు. పో తల్లీ, పట్టుకో!"

వేదవల్లి బాణంలా దూసుకుపోయింది. ఆయన పంచె ఎగ్గట్టి దాని వెంట పడ్డారు. "దోవ, దోవ ఇయ్యండబ్బా!" అని ఆయన వేసే కేకలు కోటగోడ దాకా వినిపించాయి. తీర్థమంతా దారి పొడుగునా తొణికిపోయింది.

అందలేదు. రాజమహల్ ముందు కట్టిన తాడును మదనపల్లె పిల్ల మూరెడు దూరం ముందుగా తాకింది. వేదవల్లి నేలమీద కూలబడి, మోకాళ్ళలో ముఖం దాచుకుని ఏడ్చింది. హైదరాబాదు రైలు దాని కళ్ళముందే వెళ్ళిపోయింది. నాకు కూడా ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

అప్పుడు వినిపించింది జడ్జీల బల్ల దగ్గర రగడ. తిరునామం చెమటకు కారిపోయి, ఆయాసపడుతూ యతిరాజులుగారు బల్ల గుద్దుతున్నారు.

"మా బిడ్డ హారతికి ఆగింది! ఆ ఆగిన సేపు తీసెయ్యండి!"

"సామీ, రూల్సులో హారతి లేదు" అన్నాడు జడ్జి.

"లేకుంటే రాసుకోండి! ఇది ఏ సీమ అనుకున్నారు?"

"మీరు కూడా ఆపినారంట కదా?"

"నేనా! నేను ఉరికించినానయ్యా! ఊరంతా సాక్ష్యం!"

వేదవల్లి తల ఎత్తింది. వాళ్ళ నాయన అంత గట్టిగా మాట్లాడటం అది పుట్టాక విని ఉండదు. కన్నీళ్ళు కారుతుండగానే ఫక్కున నవ్వింది.

జడ్జి మాట మారలేదు. యతిరాజులుగారు ఇంకాసేపు గొణిగి, చెంబులో మిగిలిన తీర్థం తీసుకుపోయి మదనపల్లె పిల్ల చేతిలో పోశారు. "బాగా పరిగెత్తినావు తల్లీ" అన్నారు. తర్వాత నా దగ్గరకు వచ్చారు.

"టీచరమ్మా, రేపు పొద్దున బిడ్డను ఎన్ని గంటలకు పంపించేది?"

ఆ మాటతో నేను తృప్తిపడి ఉండాల్సింది. అయినా బుద్ధి ఊరుకోదు కదా.

"గోవింద నామం చెప్పుకుంటూనే కదా సామీ?"

"మనసులో అనుకోమనండి" అన్నారు ఆయన, ఇంకా రొప్పుతూనే. "గట్టిగా అంటే ఆయాసమొస్తాది."