అది వరిబీజం కాదన్నా

సోఫాల మేస్త్రీకి తోడల్లుడంటే కడుపుమంట. దాన్ని దాచుకునే రకమూ కాదు. కుర్చీకి రెగ్జిను లాగి మేకులు కొడుతూనే, వినే మనిషి దొరికితే చాలు, మొదలెట్టేవాడు. తోడల్లుడంటే భార్య చెల్లెలి మొగుడు. రెండు వీధుల అవతల ఫోటో స్టూడియో నడుపుతాడు. నిన్నమొన్నటిదాకా ఇద్దరికీ పిల్లల్లేరు. అప్పుడు బాగానే ఉండేది. అత్తగారింట్లో భోజనాల దగ్గర, "మన ఫోటోలవాడు ఊళ్ళో పిల్లలందర్నీ ఫోటో తీస్తాడు, తన పిల్లల్ని తప్ప" అని మేస్త్రీయే అందర్నీ నవ్వించేవాడు. నవ్విన నాపచేనే పండింది. ఇప్పుడు ఆ స్టూడియో అద్దంలో బోసినోటి పాపాయి ఫోటో, తలుపంత సైజులో. రెగ్జిను కొనాలంటే మేస్త్రీ ఆ దారినే పోవాలి. దానివంక చూడకూడదనుకుంటాడు, చూస్తాడు, ఇక ఆ రోజంతా కొట్టిన మేకు కొట్టినట్టే వంకరపోతుంది.

భార్యకు చెయ్యని పరీక్ష లేదు. అన్నీ బాగున్నాయన్నారు. ఆవిడ పోరు పడలేక చివరికి తనూ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. వీర్యకణాలు తక్కువ, ఉన్నవాటికీ కదలిక లేదని తేలింది. డాక్టరు అతన్ని నిలబెట్టి, ఊపిరి బిగబట్టమని, చేత్తో తడిమి చూసి, "ఎడమవైపు వేరికోసీల్ ఉందండీ" అన్నాడు. మేస్త్రీ చెవికి అది వరిబీజం అని వినపడింది. చిన్నప్పుడు వాళ్ళ వీధిలో ఆ జబ్బున్న ముసలాయన ఒకడు కాళ్ళు ఎడంగా వేసి నడిచేవాడు. పిల్లలంతా వెనకాల అలాగే నడుస్తూ ఏడిపించేవాళ్ళు, మేస్త్రీయే అందరికంటే ముందు. "నాకా వరిబీజం? నీ చదువు తగలెయ్య" అని లేచి బయటికొచ్చేశాడు. ఆ తర్వాత డాక్టరు చెప్పిందంతా భార్య ఒక్కతే కూర్చుని విన్నది.

ఆదివారం అత్తగారింట్లో భోజనాలు. అత్తగారు మేస్త్రీకి ఎప్పట్లాగే కొసరి కొసరి వడ్డిస్తోంది. ఆ మర్యాద చిన్నల్లుడికి లేదని అతనికి లోలోపల ఎంతో సంతోషం. అయితే ఆ రోజు అతని ధ్యాస విస్తట్లో లేదు. మెట్ల మీద తన భార్య, ఆ ఫోటోలవాడు గుసగుసలాడుకుంటున్నారు. వాడేదో చేతులు తిప్పుతూ చెబుతున్నాడు, ఈవిడ తల ఊపుతోంది. ఇంట్లో తనతో ముక్తసరిగా రెండు మాటలు మాట్లాడే మనిషికి వాడితో అన్ని కబుర్లేమిటి?

"మరిదిగారితో ఏంటి అన్ని ఊసులు?" అన్నాడు దారిలో.

"మీ గురించే. ఆయనకీ ఇదే ఉండేదట. ఆపరేషన్ చేయించుకున్నాకే పాప పుట్టిందట. ఒక్కసారి ఆయనతో మాట్లాడండి."

పుండు మీద కారం చల్లినట్టయింది. వాడికి కూతురుంది చాలదా, తన గుట్టు కూడా వాడికే కావాలా? మర్నాడు దుకాణం తెరవకుండా నేరుగా స్టూడియోకి వెళ్ళాడు. తోడల్లుడు లైట్లు తుడుచుకుంటున్నాడు.

"నా పెళ్ళాంతో నీకు గుసగుసలేంట్రా?"

"కూర్చో అన్నా."

"కూర్చోను."

"సరే, నిలబడే విను. అది వరిబీజం కాదన్నా. వరిబీజమంటే నీరు చేరడం. ఇది నరాలు ఉబ్బడం. కింద నుంచి రక్తాన్ని పైకి తీసుకెళ్ళే నరాలు ఉబ్బిపోతే రక్తం అక్కడే నిలిచిపోతుంది. దాంతో అక్కడ వేడి పెరిగి కణాలు దెబ్బతింటాయట. పిల్లలున్న మగాళ్ళలో కూడా చాలామందికి ఉంటుందట. వాళ్ళకేం కాలేదు, మనకి అయింది."

"నీకు పుట్టిందిగా. చెప్పుకో గొప్పలు."

"గొప్పేముంది? చిన్న కోత పెట్టి ఆ నరాలు కట్టేశారు. తప్పకుండా పుడతారని డాక్టరు మాత్రం మాటివ్వలేదు. నెలల తరబడి చూసి చూసి ఆశ వదిలేశాం." అతను గుడ్డ పక్కన పెట్టాడు. "నన్ను చూసి కుళ్ళుకుంటున్నావని నాకు తెలుసన్నా. నేనూ నిన్ను చూసి కుళ్ళుకుంటున్నా."

"నన్ను చూసా? నా దగ్గరేముందని?"

"నాకు లోపమని తెలిసిన రోజే నా భార్య వాళ్ళమ్మకు చెప్పేసింది. అప్పట్నుంచీ అత్తగారు నా మొహం చూసి వడ్డించింది లేదు. వదిన మాత్రం లోపం తనదేనని చెప్పుకుంది. తన పరీక్షలన్నీ బాగున్నాయని నిన్న మెట్ల మీద చెప్పేదాకా నాకూ తెలీదు. అత్తగారు నీకు కొసరి కొసరి ఎందుకు పెడుతుందనుకున్నావు? గొడ్రాల్ని కూడా వదిలెయ్యకుండా ఏలుకుంటున్నావని."

మేస్త్రీ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తర్వాత లేచి, దుకాణానికి కాక నేరుగా ఇంటికి నడిచాడు.

ఇంటికి వచ్చేసరికి భార్య ఫోనులో తల్లితో మాట్లాడుతోంది. "నా రాత అలా ఉంటే ఆయనేం చేస్తారమ్మా" అంటోంది. మేస్త్రీ ఫోను లాక్కున్నాడు.

"అత్తయ్యా, మీ అమ్మాయికి ఏ లోపమూ లేదు. లోపం నాది. చిన్నల్లుడికి ఉన్నదే నాకూ ఉంది. డాక్టరు ఎప్పుడో చెప్పాడు, నేనే వినలేదు."

"మరి దాన్ని నేను ఎన్నెన్ని మాటలన్నాను బాబూ" అంది అత్తగారు. "ఒక్కసారి దానికివ్వు."

ఇచ్చాడు. భార్య విన్నది. ఫోను చెవికి అలాగే పెట్టుకుని, మేస్త్రీ ఇంటికి తెచ్చి సగం కుట్టి వదిలేసిన సోఫా మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ ఏడుపు మేస్త్రీ వినడం అదే మొదటిసారి.