ఓటు లేని అమ్మాయి

ఆ ఇంట్లో మేడమీది గది అద్దెకు తీసుకున్న విదేశీ విద్యార్థినికి ఇంటివాళ్ళు పెట్టిన పేరు 'ఎందుకమ్మాయి'. అసలు పేరు వాళ్ళకు నోరు తిరగలేదు. ఆమె నోటినుంచి ఎక్కువగా వచ్చే మాట 'ఎందుకు'. కుళాయి రెండు పూటలే ఎందుకు వస్తుంది, కండక్టరు ముఖం చూడకుండానే ఎందుకు విసుక్కుంటాడు, పక్కింటాయన తాళం వేశాక దాన్ని పట్టుకుని ఎందుకు వేలాడతాడు. భాషను ఆమె తన దేశంలో ఉండగానే ఏదో పాత పుస్తకం ముందేసుకుని నేర్చుకుంది. వచ్చిన రోజున ఇంటావిడతో, "తమరి గృహము మిక్కిలి శుభ్రముగా నున్నది" అంది. ఇంటావిడ కుట్టుమిషను ఆపి, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

"నన్ను అత్తయ్యా అని పిలువు తల్లీ. ఈ గృహాలూ గిహాలూ నాకొద్దు."

అలా ఆవిడ అత్తయ్య అయింది. మునిసిపాలిటీ పంపుహౌసులో మోటార్లు చూసుకునే ఆవిడ భర్త మామయ్య అయ్యాడు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, ఎందుకమ్మాయి కంటే రెండేళ్ళు పెద్దది, వదిన అయింది. "మీ అన్నకి పెళ్ళి కాకుండానే నీకు వదిన వచ్చేసింది చూడు" అని మామయ్య ఆటపట్టించేవాడు. అన్న మాట వచ్చినప్పుడు మాత్రం ఎందుకమ్మాయి నవ్వేది కాదు. తల వంచుకుని పళ్ళెంలోకి చూసేది.

వదిన రైలుపట్టాల అవతల ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తుంది. కాలేజీ కూడా పట్టాల అవతలే. దాటడానికి పైన నడక వంతెన ఉంది, కానీ దాని రెండు వైపులా మెట్లకు రేకులు కొట్టేశారు. 'మరమ్మతులు జరుగుచున్నవి' అన్న బోర్డుకే మరమ్మతు కావలసినంత కాలం గడిచింది. అందరూ కంచెలో ఉన్న కంతలోంచి దూరి, అటూ ఇటూ చూసి, పట్టాలు దాటిపోతారు.

మొదటి రోజు వదిన తీగను చేత్తో పైకెత్తి పట్టుకుని, "దూరు, దూరు, బండి వస్తుంది" అంది. ఎందుకమ్మాయి కదల్లేదు.

"వంతెన ఎప్పుడు తెరుస్తారు?"

"వాళ్ళకి బుద్ధి పుట్టినప్పుడు."

"వాళ్ళంటే ఎవరు?"

"వాళ్ళే."

"ఎవరూ అడగలేదా?"

"అడిగితే ఒరిగేదేముంది? చెవిటివాడి ముందు శంఖం. నువ్వొస్తావా రావా?"

ఎందుకమ్మాయి రాలేదు. ఆ రోజే కాదు, ఏ రోజూ ఆ కంతలోంచి దూరలేదు. దూరంగా ఉన్న రైల్వే గేటు దాకా చుట్టూ తిరిగి నడిచి, చెమటతో, ఆలస్యంగా క్లాసుకు చేరేది. వదిన స్నేహితుడొకడు, ఫోన్లు బాగుచేసేవాడు, కూర్చుంటే లేవడు గనక అందరూ వాణ్ణి 'సోఫా' అనేవారు, ఆమె చుట్టూ తిరిగి రావడం చూసి, "మా దేశంలో పట్టాలకి ఈమె ఒక్కతే గౌరవం ఇస్తోంది" అనేవాడు.

ఆమె చదివేది ప్రజాపరిపాలన. వార్డు ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. మైకుల బండ్లు వీధిలో తిరుగుతుంటే కుర్రాళ్ళు చెవుల్లో పాట పెంచుకునేవారు. ఎవరికి ఓటేస్తారని తోటి విద్యార్థుల్ని అడిగితే, "ఆ రోజు సెలవు కదా, పడుకుంటాం" అన్నారు. ఒకరు ఆవలిస్తూ అన్నారు, ఒకరు జోకులా అన్నారు. ఎవరికీ సిగ్గనిపించినట్టు లేదు. ఆమెకు రాత్రిళ్ళు కడుపులో మండేది. ఎక్కడో మనుషులు ప్రాణం పెట్టి వెతుక్కునే వస్తువు ఇక్కడ గుమ్మంలో పడి ఉంటే దాటుకుని పోతున్నారని తోచేది.

కాలేజీ పత్రికకు ఏదైనా రాయమని లెక్చరరు అడిగినప్పుడు ఆమె ఆ మంట అంతా కాగితం మీద పెట్టింది. "ఇక్కడి యువతకు రాజకీయం వాన లాంటిది. ఎందుకు కురిసిందని అడగరు, చూరు కిందికి జరుగుతారు. నేనుండే ఇంట్లో ఒక అమ్మాయి రోజూ కంచె కంతలోంచి దూరి పనికి వెళ్తుంది. ఆమెకు కోపం రాదు. కొట్టేవాడు లేనిచోట మనుషులకు కోపం కూడా బద్ధకంగానే వస్తుందేమో" అని రాసింది.

లెక్చరరు మెచ్చుకున్నాడు. కొందరు చప్పట్లు కొట్టారు. ఇంకొందరు, అంత నచ్చకపోతే మీ దేశానికే పొమ్మని ఫోన్లలో రాసుకున్నారు. ఆ మాటలు ఆమెను పెద్దగా బాధించలేదు. సోఫా మాత్రం ఆ పేజీ ఫోటో తీసి కళ్ళజోళ్ళ దుకాణంలో వదినకు చూపించాడు. వాడి ఉద్దేశం సరదాయే.

ఆ సాయంత్రం వదిన ఇంటికొచ్చి మాట్లాడలేదు. ఎప్పుడూ "తిన్నావా" అని మేడమెట్ల కింద నిలబడి అరిచే మనిషి, అన్నం పళ్ళెం మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. మర్నాడూ అంతే. అత్తయ్య ఇద్దరి ముఖాలూ చూసి, "మీ మధ్య నేను రాయబారం చెయ్యలేనమ్మా, నాకు కుట్టిస్తానని ఒప్పుకున్న బట్టలున్నాయి" అంది.

ఆదివారం మధ్యాహ్నం వదిన డాబా మీద బట్టలు ఆరేస్తుంటే ఎందుకమ్మాయి వెళ్ళి, బకెట్‌లోంచి ఒక దుప్పటి తీసి రెండో కొస పట్టుకుంది. వదిన విదిలించలేదు. ఇద్దరూ కలిసి దుప్పటి పిండారు.

"నేను తప్పు రాశానా?" అంది ఎందుకమ్మాయి.

"రాసేముందు నన్నడగాలనిపించలేదా నీకు? దుకాణంలో అందరూ చదివారు. మా ఓనరు కూడా, 'ఏమ్మా, నీకు కోపం రాదంట కదా' అన్నాడు." వదిన క్లిప్పు గట్టిగా నొక్కింది. "వంతెన మూసిన కొత్తల్లో వార్డాఫీసుకి వెళ్ళింది నేనే. వీధంతా తిరిగి సంతకాలు పెట్టించాను. సోఫా గాడు కూడా తిరిగాడు, నమ్ముతావా?"

ఎందుకమ్మాయి దుప్పటి పట్టుకునే నిలబడిపోయింది.

"అక్కడొక పెద్దమనిషి. చాలా మర్యాదగా కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. అంతా విన్నాడు. చివర్లో, 'నాన్నగారు మన పంపుహౌసులోనే కదమ్మా' అన్నాడు. అంతే. ఇంకొక్క మాటన్లేదు. తర్వాతి వారం నాన్నని ఊరి చివరి పంపుహౌసుకి మార్చారు. ఇక్కడైతే చెప్పులేసుకుని నడిచి వెళ్ళేవాడు. ఇప్పుడు తెల్లారకుండా సైకిలెక్కాలి, మోకాళ్ళ నొప్పులతో. నన్ను తిట్టనన్నా తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది."

కింద కుట్టుమిషను ఆగుతూ నడుస్తూ ఉంది.

"మా అన్నకి టీ ఇవ్వలేదు" అంది ఎందుకమ్మాయి.

వదిన ఆమె వైపు తిరిగింది.

"మా ఊళ్ళో ఎన్నికల రోజు బడిలో, ఓట్ల పెట్టెని లెక్కపెట్టకుండా బండిలో ఎక్కిస్తున్నారు. ఎక్కడికని అడిగాడు. అంతే అడిగాడు. పట్టుకుపోయారు. రెండేళ్ళు ఎక్కడున్నాడో మాకు తెలీలేదు. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. తలుపు గట్టిగా పడితే లేచి గోడకి ఆనుకుని నిలబడతాడు." ఆమె దుప్పటి అంచు సరిచేసింది. "మీకు భయం లేదనుకున్నాను వదినా. మా భయం వీధిలో నిలబడి అరుస్తుంది. మీ భయం ఇంత మర్యాదగా మాట్లాడుతుందని నాకు తెలీదు."

వదిన తడిచేతుల్ని తన బట్టలకే తుడుచుకుని, ఆమె చెయ్యి పట్టుకుంది.

అప్పటికే మామయ్య మెట్ల మీద ఉన్నాడు. డ్యూటీ చొక్కా ఆరిందేమో చూసుకోవడానికి వచ్చాడు. ఎంతసేపటినుంచి ఉన్నాడో వాళ్ళు గమనించలేదు. ఆయన తీగమీది చొక్కా అందుకుని, కాలరు తడిమి చూసి, ఇంకా చెమ్మగా ఉందని మళ్ళీ అక్కడే వేశాడు.

"నన్ను ఇంకెక్కడికి మారుస్తారే?" అన్నాడు కూతురితో. "మా పంపుహౌసు తర్వాత నది. నదిలోకి మార్చాలంటే ముందు నాకు ఈత నేర్పించాలి, దానికి వాళ్ళ బడ్జెట్ చాలదు."

వదిన ఆ చొక్కాకు క్లిప్పు పెట్టింది.

"నా కోసమే నోరు కట్టుకున్నావని తెలుసు. కట్టుకోమని నేనెప్పుడూ అన్లేదు. వచ్చేవారం వార్డు సభ ఉందంట. వెళ్తావో మానతావో నీ ఇష్టం. నా పేరు చెప్పి మాత్రం మానకు."

అత్తయ్యకు ఇది నచ్చలేదు. "తండ్రీకూతుళ్ళు కలిసి నా కొంప మీదికి తెస్తారు" అని రెండు రోజులు సణిగింది. మూడో రోజు కూతురు సభకు వేసుకోవాలనుకున్న కుర్తా అడిగి తీసుకుంది. కంచె తీగ గీరుకుని భుజం దగ్గర చిరిగిన కుర్తా అది. కుట్టు కనపడకుండా బాగుచేసి ఇస్తూ, "వెళ్ళేదేదో తలెత్తుకుని వెళ్ళు. చిరుగు చూసి జాలిపడే అవకాశం వాళ్ళకివ్వకు" అంది.

వదిన స్నేహితులందరికీ కబురు పెట్టింది. ఫోన్లో చాలామంది బొటనవేళ్ళు ఎత్తారు. సభకు వచ్చినవాళ్ళు మాత్రం ఒక ఆటోలో సరిపోయేంత మంది. సోఫా అందరికంటే ముందొచ్చి, గోడవార మంచి కుర్చీ చూసుకుని కూర్చున్నాడు.

సభ బడి హాల్లో జరిగింది. ముందు వరసల్లో అంతా జుట్టు నెరిసినవాళ్ళు. ఓటర్లు కానివాళ్ళు వినొచ్చు కానీ మాట్లాడకూడదని గుమ్మం దగ్గర చెప్పారు. ఎందుకమ్మాయి వెనక బెంచీలో, పిల్లలు పేర్లు చెక్కిన చెక్క మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. చెత్త బండి గురించీ, మురుగుకాలవ గురించీ అయ్యాక వదిన లేచింది. మైకు అందుకునేటప్పుడు దాని తీగ కాలికి చుట్టుకుంది. ఎవరో కిసుక్కుమన్నారు.

వేదిక మీద ఉన్నది ఆ పెద్దమనిషే. చూడగానే గుర్తుపట్టాడు. "రామ్మా. నాన్నగారు బాగున్నారా?" అన్నాడు చిరునవ్వుతో.

"బాగున్నారండీ" అంది వదిన. "ఊరి చివరి పంపుహౌసులో ఉన్నారు. క్రితంసారి నేను నడక వంతెన గురించి మీ దగ్గరికొచ్చిన తర్వాతి వారమే మార్చారు. నేను అడిగినందుకే మార్చారని మా ఇంట్లో అనుకుంటున్నాం. నిజమో కాదో మీరు ఇక్కడే చెబితే, అందరూ వింటారు. ఆ తర్వాత వంతెన ఎప్పుడు తెరుస్తారో కూడా చెప్పండి."

పెద్దమనిషి, "ఛ ఛ, బదిలీలు మామూలు విషయమమ్మా, దానికీ దీనికీ..." అని మొదలుపెట్టి, మధ్యలో మంచినీళ్ళు తాగాడు. ముందు వరసలోంచి ఒక పెద్దావిడ వెనక్కి తిరిగింది.

"ఏ వంతెన? స్టేషను వెనకదా? మూసేశారా? మరి మా మనవడు కాలేజీకి ఎటునుంచి వెళ్తున్నట్టు?"

"మాతోపాటే మామ్మగారూ, పట్టాల మీదనుంచి" అన్నాడు సోఫా కూర్చునే.

ఆ మాటతో ముందు వరసలు కదిలాయి. పిల్లలు ఇంట్లో చెప్పలేదు, పెద్దలు అడగలేదు. ఇప్పుడు అందరూ ఒకేసారి అడగడం మొదలుపెట్టారు. ఇంజనీరును పంపిస్తామని వేదిక మీదివాళ్ళు ఒప్పుకునేదాకా మైకు తిరిగి వేదిక మీదికి వెళ్ళలేదు.

ఇంజనీరు వచ్చాడు. కొలతలు తీసుకున్నాడు. కొన్నాళ్ళకు ఒకవైపు రేకులు తీసి, తుప్పుపట్టిన మెట్లు కోసి పడేశారు. ఆ తర్వాత పని నత్తనడక పట్టింది. మామయ్యను మళ్ళీ దగ్గరికి మార్చలేదు, ఇంకా దూరమూ పంపలేదు. కంత అలాగే ఉంది, వదిన అలాగే దూరుతోంది. "కోపంతో దూరుతున్నానని రాసుకో" అనేది.

ఎందుకమ్మాయి పత్రికకు ఇంకొకటి రాసింది. ఈసారి ముందు వదినకు చూపించింది. వదిన వేలు పెట్టి ఒక్కో వాక్యం చదివి, ఒకచోట ఆగింది. "ఈ 'ధీరవనిత' తీసెయ్. ఆ రోజు నా కాళ్ళు వణికాయి. అది రాయి." ఎందుకమ్మాయి అదే రాసింది.

ఎన్నికల నాడు వదిన మధ్యాహ్నం పని ఆపుకుని వచ్చింది. ఎందుకమ్మాయికి లోపలికి వెళ్ళే హక్కు లేదు గనక, పోలింగు జరిగే బడి ఎదుటి టీకొట్టు దగ్గర నిలబడింది. బెంచీ మీద సోఫా ఉన్నాడు.

"నువ్వు వెళ్ళవా?" అంది.

"వెళ్ళను. ఇక మొదలుపెట్టు, నీ పాఠం."

ఆమె మొదలుపెట్టలేదు. పక్కన కూర్చుని, "నీ సంగతి చెప్పు, వింటాను" అంది.

సోఫా ఆమెను అనుమానంగా చూశాడు. తర్వాత టీ గ్లాసు తిప్పుతూ చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్ళ నాన్న ముప్ఫై ఏళ్ళు ఒకే పార్టీకి గోడల మీద పోస్టర్లు అంటించాడు. ఒకసారి నిచ్చెన మీదినుంచి పడి నడుం విరిగితే, ఆ పార్టీలో ఒక్కడూ గుమ్మం తొక్కలేదు. గెలిచినవాడు వాళ్ళ వీధిలోంచే ఊరేగింపుగా వెళ్ళాడు. నాన్న మంచంలోంచి చెయ్యి ఊపాడు. అది కిటికీలోంచి ఎవరికీ కనపడలేదు.

ఆమె ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు. వదిన వేలిమీద సిరాతో బయటికి వచ్చేసరికి వాడింకా చెబుతూనే ఉన్నాడు. వదిన ఏమైందని అడగబోయి, ఇద్దరి ముఖాలూ చూసి ఊరుకుంది. బెంచీ చివర సర్దుకుని కూర్చుని, ఇంకో మూడు టీలు పెట్టమని చేత్తో సైగ చేసింది.