అయిదు గంటల నీళ్ళు

ఫిబ్రవరి పన్నెండు, గురువారం ఉదయం ఆరూ పదికి మా ఆయన పోయారు. ఏడున్నరకల్లా ఇల్లు నిండిపోయింది. ఎనిమిదింటికి వంటింట్లోంచి ఎవరో తల బయటపెట్టి, "టీచరమ్మా, పంచదార ఎక్కడ పెట్టేరు?" అని అడిగారు. ఆయన పక్కనుంచి లేచి వెళ్ళి చూపించాను. పంచదార చూపించాక టీపొడి చూపించాను. తర్వాత పెద్ద గిన్నె అటక మీద ఉందని గుర్తొచ్చి దింపించాను. గిన్నె కడిగి నీళ్ళు పొయ్యి మీద పెట్టాక అక్కడినుంచి కదలడం చేతకాలేదు. ముప్ఫై మందికి టీ పెట్టాను. మా ఆడపడుచు త్రేసమ్మ ఒక గుక్క తాగి, "పంచదార తగ్గిందొదినా" అంది. ఆమె మీద నాకు కోపం లేదు. పోయింది ఆమెకు అన్నయ్య. ఆ పూట ఎవరికైనా ఏదో ఒకటి అనకుండా ఉండడం కష్టం.

జంషెడ్‌పూర్ బారిడీహ్‌లో ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకి తెలుగు చెప్పాను. ఉన్నదానికన్నా ఎక్కువ చెప్పే మాట రాయొద్దని వాళ్ళకి నేర్పాను. అందుకని ఇంతే చెబుతాను: ఆయన పోయిన రోజు నేను టీ పెట్టాను. చెయ్యడానికి ఒక పని దొరికిందని ఆ గంటసేపు కొంచెం హాయిగా కూడా ఉంది. ఆ హాయి గురించి తర్వాత చాలా రోజులు ఆలోచించాను.

మార్చి నెలాఖరుకి ఈ వృద్ధుల హోమ్‌లో చేరాను. మా అమ్మాయి రాంచీలో నర్సు. తన దగ్గరికి వచ్చెయ్యమంది, మనస్ఫూర్తిగానే అంది. కానీ అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఇంకొక వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుందో మొదటినుంచి నేర్చుకోవాలనిపించలేదు. హోమ్ బారిడీహ్ చివరే, మూడంతస్తులు. పద్నాలుగు మంది మగవాళ్ళు, పదకొండు మంది ఆడవాళ్ళం. వండేవాళ్ళు వేరే ఉన్నారు. మొదటి వారం భోజనం అయ్యాక నేను నా కంచం పట్టుకుని కడగడానికి చోటు వెతుక్కుంటూ తిరిగేదాన్ని. రెండో వారానికి కంచం వదిలేసి రావడం వచ్చింది. పప్పులో ఉప్పు తక్కువైతే అది నా తప్పు కాదని గ్రహించడానికి ఇంకో వారం పట్టింది.

ఏప్రిల్లో శ్రీదేవి మా అందరికీ తలొక కాగితం ఇచ్చింది. ఆ అమ్మాయికి ముప్ఫై ఉంటాయి, మా కార్యక్రమాలన్నీ చూసేది ఆమే. ఇక్కడే పుట్టిన పిల్ల. మేం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది. కాగితం మీద ఒకటే ప్రశ్న: 'ఈ వేసవిలో మీకు ఏం చెయ్యాలనుంది?' నాలుగు రోజుల తర్వాత బోర్డు మీద పట్టిక పెట్టారు. మగవాళ్ళకి పక్కవీధి క్లబ్బు కొలనులో వారానికి మూడు రోజులు ఈత, పొద్దున్న ఆరునుంచి ఏడుదాకా. క్యారమ్స్ పోటీ. జూబిలీ పార్కులో నడక. ఆడవాళ్ళకి ఆవకాయ, వడియాలు, పాత చీరలతో బొంతలు, సాయంత్రం భక్తి పాటలు.

నేను శ్రీదేవి గదికి వెళ్ళాను. "ఏమిటమ్మా ఇది? మొత్తం హోమ్‌కి సరిపడా ఆవకాయ మా చేత పెట్టిస్తావా?"

"ఆంటీజీ, ఆప్ లోగోఁ నే హీ తో లిఖా" అంది. మీరే కదా రాశారు అని. ఫైలు తెచ్చి నా ముందు పెట్టింది.

మగవాళ్ళ కాగితాలు నిండుగా ఉన్నాయి. ఈత, చదరంగం, పాత సినిమాలు. ఒకాయన శుక్రవారం పనసకాయ కూర కావాలని కూడా రాశాడు. ఆ తర్వాత మా పదకొండు కాగితాలు. 'ఏదైనా పరవాలేదు.' 'ఏదైనా పరవాలేదు.' 'అందరూ ఏదంటే అదే.' 'ఏదైనా పరవాలేదు.' క్లాసులో అయితే కాపీ కొట్టారని లేపి నిలబెట్టేదాన్ని. అడుగున నా కాగితం ఉంది. గుండ్రటి అక్షరాలతో, చివర చుక్క పెట్టి మరీ రాశాను: 'ఏదైనా పరవాలేదు.'

"ఇప్పుడు మీకేం కావాలో చెప్పండి, మార్చేస్తాను" అంది శ్రీదేవి హిందీలో. నాకేం కావాలో నాకే తెలీలేదు. అది ఆమె తప్పు కాదు.

ఆ మధ్యాహ్నం బయట వడగాలి కొడుతోంది. భోజనాల గదిలో రెండు కూలర్లు పెట్టి ఆడవాళ్ళందరినీ కూచోబెట్టాను. తలొక తెల్లకాగితం ఇచ్చి మళ్ళీ పరీక్ష అన్నాను. పక్కవాళ్ళది చూడకూడదు, 'పరవాలేదు' అన్న మాట రాయకూడదు.

నా పక్క గది చిలకమ్మ చెయ్యెత్తింది. డెబ్బై రెండేళ్ళ మనిషి, శ్రీకాకుళం నుంచి పెళ్ళయి వచ్చి యాభై ఏళ్ళు దాటింది. "నాకు రాతే రాదు కదమ్మా. నానేటి సెయ్యాల?"

"మీరు చెప్పండి, నేను రాస్తాను."

"నువ్వు టీచరమ్మవి. నీకు తోచింది రాసీ."

"నాకు తోచదు కాబట్టే అడుగుతున్నాను చిలకమ్మగారూ."

ఆమె ముఖం కూలరు వైపు తిప్పుకుంది. "నవ్వుతారేటో గానీ, నీలల్లో దిగాలనుంది. సిన్నప్పుడు నాగావళిలో ఈదీదాన్ని, ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి. పెద్దమడిసినయ్యేక మా యమ్మ మానిపించీసింది. అరవయ్యేళ్ళయింది, మల్లీ మెడదాకా నీలు సూడనేదు."

ఎవరూ నవ్వలేదు. జగదాంబగారు మధ్యాహ్నం ఎవరూ లేపకుండా నిద్రపోవాలని రాశారు. ఒకామె సినిమా హాల్లో సినిమా అని రాసింది. ఈత అని అయిదుగురు రాశారు. అందులో అయిదో కాగితం నాది. అందరికన్నా ఆలస్యంగా ఇచ్చింది కూడా నేనే.

ఎందుకు ఆలస్యమైందో చెప్పాలి. మా ఆయన జ్ఞానరత్నంగారు మంచి ఈతగాడు. వేసవి సెలవులకి మేం ఊరు వెళ్ళినప్పుడల్లా ఆయన, ఆయన తమ్ముళ్ళు, పిల్లలు భీమిలి సముద్రంలో దిగేవారు. నేను ఇసకలో అందరి గడియారాలు, చెప్పులు, పొడి బట్టలు పెట్టుకుని కూచునేదాన్ని. "నువ్వు చూసుకుంటావు కదా యూనీ, మాకు దిగులు లేదు" అనేవారు. ఆ మాట నాకు బాగుండేది. ఒక ఏడు నేనూ లేచి మోకాళ్ళదాకా వెళ్ళాను. ఆయన నవ్వుతూ, "నీకెందుకే ఇదంతా, చీర తడుస్తుంది" అన్నారు. కోపంగా కాదు, ప్రేమగానే. నేను వెనక్కి వచ్చి కూచున్నాను. నలభై ఒక్క ఏళ్ళలో ఆయన నన్ను ఒక్క పనీ వద్దనలేదు. అనాల్సిన అవసరం రానివ్వలేదు నేను. ఇది ఆయన మీద ఫిర్యాదు కాదు. రోజూ సాయంత్రం నాలుగింటికి ఆయన గొంతు వినాలని ఇప్పటికీ అనిపిస్తుంది. రెండూ నిజమే. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాలని నేనూ చాలాకాలం అనుకున్నాను.

ఈత విషయం సోమేశ్వరరావుగారికి నచ్చలేదు. ఆయన ఉక్కు కర్మాగారంలో రిటైరైన ఫోర్‌మన్, హోమ్ కమిటీ పెద్ద. మమ్మల్ని వరండాలో కూచోబెట్టి నచ్చజెప్పారు. "చూడండమ్మా, క్లబ్బువాళ్ళు మనకిచ్చింది ఒక్క గంట. ఆరునుంచి ఏడు. అది ఎ-షిఫ్టు, ఆల్రెడీ మాకు అలాట్ అయింది. ఏడు తర్వాత పిల్లల క్లాసులు. మగాళ్ళతో కలిసి మీరు దిగలేరు కదా? మరి మీకు టైమేది?"

చిలకమ్మ పమిట దులుపుకుని లేచింది. "బాబూ, ఎ-షిఫ్టు అంటే ఆరుకే కదా?"

"ఆరుకే."

"నీ భార్య ఎన్నింటికి లేచీదో తెలుసా నీకు?"

ఆయన జవాబు కోసం ఆమె ఆగలేదు.

"నాలుగింటికి. మాయాయనకి డబ్బా కట్టడానికి నానూ నాలుగింటికే లేచీదాన్ని. ఈ టీచరమ్మా లేచింది, ఆ జగదాంబా లేచింది. జంషెడ్‌పూర్లో నాలుగింటికి లేవని ఆడదుందేటి? ఇప్పుడు డబ్బా నేదు, షిఫ్టు నేదు, అయినా తెలివొచ్చెత్తంది. మంచమ్మీద పడుకుని ఫేను సూత్తన్నాం. అయిదింటికి మాకిప్పించు. ఎండాకాలం అయిదింటికి తెల్లారిపోద్ది. మీరొచ్చేతలికి మేం తల తుడుచుకుని టీ తాగుతుంటాం."

ఎవరో చప్పట్లు కొట్టారు. సోమేశ్వరరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన భార్య పోయి ఆరేళ్ళయిందట. "మూడున్నరకి లేచేది" అన్నారు. "నాకు అలారం ఉండేది కాదు. గిన్నెల చప్పుడే." క్లబ్బుకి ఉత్తరం ఆయనే రాశారు. ఆవకాయకి కాయలు కొట్టే పని కూడా మగవాళ్ళ పట్టికలోకి మారింది. మొదటి కాయ టెంక దగ్గర కత్తి ఇరుక్కుపోతే, "దీనికి ప్రెస్సు కావాలి గానీ చెయ్యి చాలదు" అని ఆయన గొణగడం మేమందరం విన్నాం.

త్రేసమ్మ ఆదివారం చర్చి అయ్యాక వచ్చింది. శ్రీదేవి సాక్చి బజారు నుంచి తెచ్చిన ఈత బట్టలు మంచం మీదే ఉన్నాయి, నల్లవి, మోచేతులదాకా, మోకాళ్ళదాకా. వాటిని చూసి ఆమె నిలబడిపోయింది.

"ఇదేటొదినా?"

చెప్పాను.

"అన్నయ్య పోయి మూడు నెల్లయింది. జ్ఞాపకార్థ కూడికైనా అవ్వలేదు. ఏడాది తిరిగేదాకా మనలో పెళ్ళికే వెళ్ళరు, నువ్వు నీళ్ళల్లో ఆటలకి వెళ్తావా? చర్చిలో ఏటనుకుంటారు?"

"అనుకుంటారు త్రేసా."

"వచ్చే ఏడు వెళ్ళకూడదా?"

నేను ఆలోచించి చెప్పాను. "నాకు అరవై ఎనిమిది. కుడి మోకాలు ఇప్పుడే మెట్లు ఎక్కనంటోంది. వచ్చే ఏడు ఈ కాళ్ళు ఏమంటాయో తెలీదు. వానలు పడితే ఈ ఏటికి అయిదింటి క్లాసు ఆపేస్తారు."

ఆమె కుర్చీలో కూచుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అన్నయ్యుంటే నిన్ను పంపించేవాడా?"

పంపించేవారు అంటే అబద్ధం. పంపించేవారు కాదు అంటే అదీ అబద్ధమే.

"పంపించడానికి దూరమేం కాదు, త్రేసా. నడిచి వెళ్ళేదే" అన్నాను.

ఆమె వెళ్ళేటప్పుడు గుమ్మంలో నా చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత మళ్ళీ రాలేదు. ఫోను చేస్తే మాత్రం ఎత్తుతుంది.

మే పదకొండు, సోమవారం. నాలుగున్నరకి అయిదుగురం వరండాలో నిలబడ్డాం. లోపల నల్ల బట్టలు, పైన నైటీలు, భుజం మీద తువ్వాళ్ళు. వీధిలో పాలబండి తప్ప ఏమీ లేదు. కొలను దగ్గర నైటీ తీసేటప్పుడు చిలకమ్మ, "ఓలమ్మ, రబ్బరు సంచిలో దూరినట్టుంది" అని తన కాళ్ళు తనే చూసుకుని నవ్వింది. మేం ఒకరి పిక్కలు ఒకరం చూడడం అదే మొదటిసారి. ఇనప మెట్లు దిగుతుంటే నీళ్ళు నా చీలమండలకి, మోకాళ్ళకి, నడుముకి వచ్చాయి. మోకాలి నొప్పి మూడో మెట్టు దగ్గర ఆగిపోయింది. నా శరీరం బరువు ఎవరో అందుకున్నట్టుంది. ఎవరూ నన్ను ఏమీ అడగని చోటు ఒకటి ఉందని, అది పక్కవీధిలోనే ఉందని తెలిసింది. కళ్ళు తడిసి ఉండొచ్చు. అక్కడ అది ఎవరికీ తెలీదు.

నేర్పే అమ్మాయి నవ్యకి ఇరవై రెండేళ్ళు. "దాదీ, ఆప్ తో ఛుపీ రుస్తమ్ నిక్లీఁ" అని చిలకమ్మని చూసి కేక పెట్టింది. ఇన్నాళ్ళూ ఈ విద్య దాచేశావా అని. చిలకమ్మ అప్పటికే కొలను అడ్డంగా సగం దూరం వెళ్ళిపోయింది, తల పైకెత్తి, కప్పలా కాళ్ళు కొడుతూ. అరవై ఏళ్ళ తర్వాత కూడా కాళ్ళు మర్చిపోలేదు.

ఇప్పుడు జూన్ రెండో వారం. మధ్యాహ్నాలు మబ్బు పడుతోంది. రేపో ఎల్లుండో క్లాసు ఆపేస్తారు. జగదాంబగారు రోజూ రెండున్నర గంటలు నిద్రపోతున్నారు. ఆ సమయంలో ఆవిడ గది ముందు వరండాలో ఎవరూ గట్టిగా నడవరు. సోమేశ్వరరావుగారు పొద్దున్న ఆరింటికి వస్తూ, మాకు టీ ఆయనే ఫ్లాస్కులో తెస్తారు. పంచదార ఎక్కువ వేస్తారు. తాగుతాం.

ఇన్ని రోజుల్లో నేను ఛాతీదాకా నీళ్ళలో నడవడం నేర్చుకున్నాను. ముఖం ముంచి పదిదాకా లెక్కపెట్టగలను. గోడ పట్టుకుని కాళ్ళు ఆడించగలను. నవ్య ప్రతిసారీ నా వీపు కింద చెయ్యి పెట్టి, గోడ వదిలెయ్యమంటుంది. నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతాను, నాలుగు వేళ్ళదాకా వస్తుంది.

అయిదో వేలు ఇంకా వదల్లేదు.