నేల మీద నిలబడటం

క్రేన్ నడిపే పెద్దాయన పడింది క్రేన్ మీంచి కాదు, సొంత బాత్‌రూంలో. ఆయనకి అదే తలకొట్టేసినట్టయింది. ఇరవై అంతస్తుల ఎత్తున కూర్చుని ఇనప దూలాలు పువ్వుల్లా దించిన మనిషి, సబ్బు నీళ్ళలో కాలు జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు.

చిన్నప్పుడు చంద్రుడి మీద మనిషి నడిచాడని రేడియోలో విని, మేడెక్కి దిగనని మొండికేస్తే వాళ్ళమ్మ చెవి పట్టుకుని దింపింది. ఆ పిచ్చే తనని క్రేనెక్కించిందని ఇప్పటికీ చెప్పుకుంటాడు. అలాంటివాడికి మంచం దిగాలంటే ఇద్దరు మనుషులు కావలసొచ్చింది.

ఆపరేషన్ బాగానే అయింది. అడుగు వెయ్యడం దగ్గరే వచ్చింది చిక్కంతా. వ్యాయామం గదికి చక్రాల కుర్చీలో వస్తాడు. కడ్డీల మధ్య నిలబెట్టబోతే "రేపు చూద్దాంలే" అంటాడు. సైటులో కుర్రాళ్ళు చూడ్డానికొస్తామంటే వద్దని కబురు పెట్టించాడు.

"ఇంకా ఎన్ని రేపులన్నయ్యా?" అని చెల్లెలు విసుక్కుంది.

"ఈ వయసులో నన్ను చెయ్యి పట్టుకుని నడిపిస్తే నలుగురూ నవ్వరూ?"

"ఎవరా నలుగురు? ఇక్కడ అందరూ కుంటేవాళ్ళేగా!"

ఒకరోజు పొద్దున్న ఆ గదిలో టీవీ నడుస్తోంది. అంతరిక్ష కేంద్రం నుంచి మనుషులు తిరిగొస్తున్నారు. గడ్డి మైదానంలో దిగిన నౌక మాడిన గిన్నెలా ఉంది. తలుపు తీసి, ఒకామెని చేతుల మీద ఎత్తుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు.

"అయ్యో, దెబ్బ తగిలిందా?" అన్నాడు పెద్దాయన.

"లేదు బాబాయ్," అంది ఫిజియో అమ్మాయి. "ఆర్నెల్లు పైన బరువు తెలీకుండా తేలారు కదా, కాళ్ళకి నేల అలవాటు తప్పింది. ఇక ఆవిడకీ నాలాంటిది ఒకతి తగులుకుంటుంది."

"మళ్ళీ నడక నేర్పుతారా?"

"మరి? తూలుతుంది, పడబోతుంది. పట్టుకుంటారు."

తెర మీద ఆవిడ మోసినవాళ్ళతో ఏదో అంది. వాళ్ళు పకపకా నవ్వారు, ఆవిడా నవ్వింది. మొహంలో సిగ్గు జాడైనా లేదు. ప్రకటనలు వచ్చేదాకా పెద్దాయన రెప్ప వెయ్యలేదు.

"కుర్చీ ఆ కడ్డీల దగ్గరికి తొయ్యమ్మా," అన్నాడు.

మొదటి అడుగుకి ఒళ్ళంతా చెమట పట్టింది. రెండో అడుగుకి పక్కనే నిలబడ్డ చెల్లెలి భుజం మీద వాలిపోయాడు.

"ఓరి దీనిల్లు బంగారంగానూ! ఈ భూమి ఇంతలా లాగుతుందేమిటే?"

చెల్లెలు ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతోనే కళ్ళు తుడుచుకుంది.

నడక వచ్చింది గానీ, ఇక క్రేనెక్కడానికి వీల్లేదన్నాడు డాక్టరు. ఆ సాయంత్రం పెద్దాయన మేడమెట్ల దాకా నడిచి, పైకి చూసి వెనక్కొచ్చాడు.

వారం తిరిగాక, వాకర్ పట్టుకుని తనే సైటుకి వెళ్ళాడు. గేటు దగ్గర ఇసక గుట్టలు అడ్డమొచ్చాయి. కుర్రాళ్ళు పరుగెత్తుకొచ్చి ఆయన్ని అమాంతం ఎత్తేశారు.

"మెల్లిగారా, సిమెంటు బస్తా కాదు నేను!" అని అరిచాడే గానీ, దింపమనలేదు.

కొత్త ఆపరేటరమ్మాయి పైన క్రేన్‌లో, గాలికి ఊగే దూలంతో తడబడుతోంది. పెద్దాయన వాకీటాకీ అందుకున్నాడు.

"గాలి ఆగనీ తల్లీ. తొందరేం లేదు, నేనిక్కడే ఉన్నాను."

దూలం మెల్లగా దిగి, తన చోట్లో కూర్చుంది. పైనుంచి "థాంక్సండీ!" అని వినిపించింది. పెద్దాయన ఒక కుర్చీ తెప్పించుకుని, సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయాడు.