ఒంటి చుక్క, జంట చుక్కలు

జీపు వెనక చక్రాలు రెండూ గాలిలో తిరుగుతున్నాయి. ఇనుప స్టాండ్ల మధ్య వెల్లకిలా పడుకున్న చెవి మేస్త్రి పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను వెనక ఇరుసు నడుమ గేర్లుండే డిఫరెన్షియల్ గుండుకు ఆనించి, కర్రపిడిని పళ్ళతో బిగించి పట్టి కళ్ళు మూసుకున్నాడు. మిగతా మెకానిక్కులు ఆ పిడిని చెవికి ఆనిస్తారు. ఈయనా ముప్పై ఏళ్ళు అలాగే ఆనించాడు; ఆ పేరూ అలాగే వచ్చింది. మూడేళ్ళుగా మాత్రం పళ్ళతో వింటున్నాడు. ఎవరైనా అడిగితే చెవికి గ్రీజు అంటుతోందని కబుర్లు చెప్పేవాడు. గ్రీజూ లేదు, పాడూ లేదు. చెవులు వినడం మానేశాయి, అంతే.

దవడ ఎముక జివ్వున లాగింది. చక్రాల వేగం పెరిగేకొద్దీ పెరిగే రొద. బేరింగులు పోయాయి.

షెడ్డు ఇప్పుడు మేనల్లుడిది. నలభై దాటినవాడు, మేనమామ దగ్గరే పని నేర్చినవాడు, మొహమాటమన్నది ఎరగనివాడు. ఈ బండిని తుక్కుకు పంపేద్దామని నిన్ననే తేల్చేశాడు. అది కొండమీది ఊళ్ళకు వెళ్ళి పురుళ్ళు పోసే నర్సమ్మ బండి. ఆ రాళ్ళదారి నాలుగు చక్రాలూ లాగే బండికి తప్ప లొంగదు. ఇది పోతే ఇంకొకటి ఎప్పుడిస్తారో ఇచ్చేవాళ్ళకే తెలియదు. అందుకే మేస్త్రి పట్టుబట్టి ఒక్కరోజు గడువు అడిగాడు. మేనల్లుడు ఎదురుగా వచ్చి నిలబడి, పెదవులు కనపడేలా నిదానంగా చెప్పాడు.

"సాయంత్రానికి రొద పోవాలి మామయ్యా. పోకపోతే బండి తుక్కుకే. నువ్వు కూడా ఇక డిఫరెన్షియల్ జోలికి రావద్దు."

చెవుల సంగతి వీడికి తెలిసిపోయిందన్నమాట. మేస్త్రికి ఒళ్ళు మండింది. అయినా తలూపి పనిలోకి దిగాడు.

అడుగు బిరడా విప్పితే నూనె బూడిదరంగులో, ఇనుప రజనుతో మెరుస్తూ కారింది. చక్రాలు ఊడదీసి ఇరుసులు బయటికి లాగాడు. ఇంజిన్ వైపు నుంచి వచ్చే పొడవాటి షాఫ్టును విప్పి పక్కకు కట్టేశాడు. గుండు చుట్టూ పది నట్లు. తొమ్మిది మర్యాదగా వచ్చాయి. పదోది తుప్పుపట్టి గంటసేపు ఏడిపించింది. దాన్ని ఆయన తిట్టిన తిట్లు అచ్చువేసేవి కావు. చివరికి ఆ బరువును జాకీ మీద దించి, బల్ల మీదికి చేర్చి, గుడ్డతో తుడిచాడు.

పెద్ద గేరుకు అటూ ఇటూ ఉండే బేరింగులను రెండు ఇనుప క్యాపులు పట్టి ఉంచుతాయి. చూడ్డానికి కవలలే. కానీ ఏ వైపుది ఆ వైపుకే సరిపోతుంది. తారుమారైతే వెంట్రుకవాసి తేడాకే బేరింగు నలిగిపోతుంది. అందుకని విప్పేముందే సూదిమొన పంచితో ఎడమ క్యాపు మీద ఒక చుక్క, కుడి క్యాపు మీద రెండు, వాటి పక్కనే గుండు మీద కూడా అవే చుక్కలు కొట్టడం మేస్త్రి అలవాటు. పాత చుక్కల మీది మడ్డి గీకి చూశాడు. క్యాపు మీది ఒంటి చుక్క పక్కన గుండు మీద జంట చుక్కలున్నాయి.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. తప్పు మేనల్లుడి మీదికి నెడదామంటే కుదరదే! ఈ గుండును ఆయన తప్ప ఇంకెవరూ విప్పలేదు. మూడేళ్ళ కిందట, చెవులు మూతపడుతున్న కొత్తలో, ఆ గాభరాలో తనే బిగించాడు. ఏదో రొద వస్తోందని నర్సమ్మ అంటే, టైర్లమ్మా అని ధీమాగా చెప్పాడు. ఆ మహాతల్లి నమ్మి నాలుగు టైర్లూ మార్పించింది. రొద తగ్గకపోయినా, పెద్దాయన చూశాడుగా అని మళ్ళీ అడగకుండా కొండలెక్కింది. ఆయనకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

షెడ్డులో ఎవరూ ఇటు చూడటం లేదు. ఆకురాయితో నాలుగు సార్లు రుద్దితే చుక్కలు మాయం. ఆకురాయి చేతిలోకి తీసుకున్నాడు కూడా. కాసేపటికి దాన్ని బల్లమీద పెట్టేసి మేనల్లుణ్ణి కేకేశాడు.

"ఇవి తారుమారు చేసింది నేనేరా. బండి తప్పేం లేదు."

మేనల్లుడు వంగి చుక్కలు చూశాడు. కొత్త బేరింగుల పెట్టె తనే తెచ్చి బల్లమీద పెట్టాడు.

ఇక మధ్యాహ్నమంతా మేస్త్రిదే. ఒంటి చుక్కకు ఒంటి చుక్క, జంటకు జంట కలిపి బిగించాడు. గేర్ల మధ్య పలచటి కాగితమంత సందు ఉండాలి. దాన్ని వేళ్ళతోనే పట్టాడు. వేళ్ళకు చెవులతో పనేముంది! గేరు పళ్ళకు ఎర్రరంగు పూసి చేత్తో తిప్పితే మొదటిసారి ఒరిపిడి మచ్చ అంచున పడింది. సవరించాడు. రెండోసారి కాస్త లోపలికి జరిగింది. మూడోసారి సరిగ్గా పంటి నడిమధ్యన పడింది. ఆయనకు తెలియకుండానే నవ్వొచ్చింది.

అన్నీ ఎక్కించి, కొత్త నూనె నిండి పొర్లేదాకా పోసి, మళ్ళీ కిందికి దూరి పిడి కొరికి పట్టాడు. దవడ నిమ్మళంగా ఉంది. అయినా నమ్మబుద్ధి కాలేదు.

అయిదింటికి నర్సమ్మ వచ్చి స్టీరింగు పట్టుకుంది. పక్కన మేనల్లుడు, వెనక మేస్త్రి. ఎత్తుదారి సగం ఎక్కాక ఆవిడ ఉన్నట్టుండి బండి ఆపేసింది. ఆవిడ వెనక్కి తిరిగింది.

"ఇంజిన్ తప్ప ఇంకేం వినపడటం లేదు మేస్త్రిగారూ!"

ఆ మాటలు ఆయన ఆవిడ పెదవుల మీద చదువుకున్నాడు. అప్పుడే టైర్ల సంగతీ ఒప్పేసుకున్నాడు. ఆవిడ ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత పగలబడి నవ్వింది. ఆ టైర్లు వానాకాలమంతా భలే పనికొచ్చాయి లెమ్మంది.

షెడ్డుకు రాగానే మేనల్లుడు ఆయన భుజం పట్టుకుని తనవైపు తిప్పుకున్నాడు. రేపు ఇలాంటిదే ఇంకో బండి వస్తోందని, అదీ ఆయనే చూడాలని అన్నాడు.

"నేను రానురా. నా తప్పు నా చేతుల్తోనే దిద్దుకున్నాను. మానెయ్యడానికి ఇంతకన్నా మంచి రోజు నాకు దొరకదు."

మేనల్లుడు బతిమాలాడు. మేస్త్రి తీరిగ్గా సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, చొక్కా మార్చుకుని, ఇంటిదాకా దించుతానన్న నర్సమ్మ జీపులో ముందు సీట్లో పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆ తల నిటారుగానే ఉంది.

మర్నాడు కొత్త బండి కిందికి దూరబోతూ మేనల్లుడు బల్ల పక్క మేకుకు వేలాడుతున్న స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. పిడిని చెవిదాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు. ఆ కర్ర మీద పైవరస పళ్ళ గాట్లూ, కిందివరస పళ్ళ గాట్లూ లోతుగా దిగి, నల్లటి గ్రీజుతో నిండి ఉన్నాయి.