బస్టాండులో మొరాయించిన కార్డు

కోడలు కంప్యూటర్ భాగాలను పరీక్షించి ఒక పత్రికకు సమీక్షలు రాస్తుంది. మామగారు బస్సు డ్రైవరుగా చేసి కొత్తగా రిటైరయ్యారు. మొదటి వారమంతా ఇంట్లో ఉన్న కుర్చీలన్నిటిలోనూ కూర్చుని చూశారు. ఏదీ కుదరక, ఆఖరికి కోడలి పనిగదిలోకొచ్చి పడ్డారు.

ఆ వేళ బల్ల మీద రెండు గ్రాఫిక్స్ కార్డులున్నాయి. కంప్యూటర్ తెర మీద బొమ్మలు ఎంత చురుగ్గా కదలాలో తేల్చేవి ఇవే. ఒకదానికి మూడు ఫ్యాన్లు, దాని పోటీ కంపెనీదానికి రెండు. ఎవరు ఏది కొంటే గిట్టుబాటో ఆ సాయంత్రానికల్లా రాసివ్వాలి. కోడలు మూడు ఊళ్ల దుకాణాలకు ఫోన్ చేసి ధరలు ఆరా తీసింది. మూడు ఫ్యాన్లది సరుకు దిగే ఓడరేవులో కారుచౌక, తమ ఊళ్లో ఓ మోస్తరు. కొండ మీది పట్నం చేరేసరికి ధర కూడా కొండెక్కి కూర్చుంది. రెండు ఫ్యాన్లది ఎక్కడైనా ఇంచుమించు ఒకటే.

"విజేత ఒక్కటే ఉండాలి మేడమ్. ఊరికో తీర్పంటే జనం తికమకపడతారు" అని సంపాదకుడు ముందే చెప్పేశాడు. వేగంలో మూడు ఫ్యాన్లదే పైచేయి. వ్యాసం దాదాపు పూర్తయింది.

చివరి పరీక్షకు ఆమె మూడు ఫ్యాన్ల కార్డు మీద బస్సు నడిపే ఆట పెట్టింది. బల్లకు బిగించిన స్టీరింగ్ పట్టుకుని మలుపు తిప్పిందో లేదో, వెనక నుంచి మామగారి గొంతు వినిపించింది.

"అలా తిప్పితే వెనక సీట్లోవాళ్లు కిటికీలోంచి బయటపడతారమ్మా."

"అయితే మీరే నడపండి మామయ్యా. తిన్నగా ఈ పెద్దరోడ్డు మీద పోవాలి, అంతే."

ఆయన చొక్కా సర్దుకుని కూర్చున్నారు. కాస్త దూరం పోయాక ఎడమవైపు బస్టాండు కనబడింది. బస్సు లోపలికి తిప్పేశారు.

"అయ్యో, ఆపకూడదు మామయ్యా! లెక్కంతా పాడవుతుంది."

"జనం చెయ్యెత్తుతుంటే ఆపకుండా పోవడమా? నా వల్ల కాదు."

"వాళ్లు నిజం మనుషులు కారు."

"నువ్వు చెప్తే నేను నమ్ముతాను. ఆ గొడుగు పట్టుకున్నావిడ నమ్మొద్దూ?"

కోడలికి నవ్వాగలేదు. అంతలో తెర మీద వాన జోరందుకుంది. బస్టాండు నిండా జనం, గొడుగులు, తడిసిన బోర్డులు. బస్సు ఉన్నట్టుండి బిగుసుకుపోయింది, కదిలింది, మళ్లీ బిగుసుకుపోయింది.

"నేనేం చెయ్యలేదమ్మా" అన్నారాయన, చేతులు పైకెత్తేసి.

కోడలు నవ్వు మానేసింది. కంప్యూటర్ ఆపి, కార్డు మార్చి, మళ్లీ అదే బస్టాండుకు పోనివ్వమంది. రెండు ఫ్యాన్ల కార్డు పెద్దరోడ్డు మీద కాస్త నిదానమే. బస్టాండులో మాత్రం ఎక్కడా తడబడలేదు. అనుమానం తీరక ఆమె కార్డులు మార్చి మార్చి మధ్యాహ్నం దాకా చూసింది. మామగారికి అంతకన్నా కావలసిందేముంది! గొడుగావిడను ఎన్ని ట్రిప్పులు ఎక్కించుకున్నారో.

"వేగం ఉంది గానీ దీనికి సొంత మెమరీ తక్కువ మామయ్యా. ఇన్ని బొమ్మలు ఒకేసారి వచ్చిపడితే పెట్టుకోడానికి చోటు చాలట్లేదు."

"ఇంజను గట్టిదే, సీట్లు తక్కువన్నమాట."

ఆమె వ్యాసం తెరిచి తీర్పు మొత్తం కొట్టేసింది. సంపాదకుడికి ఫోన్ చేసింది.

"ఓడరేవులో ఉండి ఖాళీ రోడ్ల ఆటలు ఆడేవాళ్లకి మూడు ఫ్యాన్లదే మేలండీ. కొండ మీదివాళ్లు కళ్లు మూసుకుని రెండోది కొనుక్కోవచ్చు. మన ఊళ్లోవాళ్లు ఏ ఆట ఆడతారో చూసుకోవాలి."

"మూడు ముక్కలు చేశారు కదా మేడమ్!"

"ధరే ఊరికో రకంగా ఉంటే నేనేం చెయ్యనండీ? ఒక్కటే విజేతంటే ఎవరో ఒకరి నెత్తిన చెయ్యి పెట్టినట్టే."

అతను కాసేపు గొణిగాడు. చివరికి ఉన్నదున్నట్టే అచ్చు వేశాడు. కొండ మీది పట్నం నుంచి ఒక పాఠకుడు, రేపో మాపో మూడు ఫ్యాన్లది కొనబోతూ ఆగానని, తను ఆడేవన్నీ జనం కిక్కిరిసే సంతల ఆటలేనని రాశాడు. ఓడరేవు దుకాణదారుడు మాత్రం, బస్టాండు గొడవ ఎత్తకుండా ఉండాల్సిందని నిష్ఠూరమాడాడు.

కార్డులు తిరిగి పంపేశాక మామగారు మళ్లీ కుర్చీలు మార్చడం మొదలుపెట్టారు. రెండ్రోజులు చూసి, కోడలూ కొడుకూ రెండు ఫ్యాన్ల కార్డు ఒకటి కొనుక్కొచ్చి ఆయన కోసమే బిగించారు.

అత్తగారు గుమ్మంలో నిలబడి కాసేపు చూశారు. "రిటైరయ్యాక కూడా డ్యూటీయేనా? ఇంతకీ ఎక్కడిదాకా ఈ బస్సు?"

"నువ్వు ఎక్కడిదాకా అంటే అక్కడిదాకా."

ఆవిడ స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నారు. "సముద్రం వైపు పోనివ్వండి. మెల్లగా!"

ఆయన హారన్ కొట్టారు.